యుద్ధం చూసొచ్చినవాళ్ల జ్ఞాపకాలు దాచాలంటే: ఆడియోనా, వీడియోనా, పుస్తకమా, ఆర్కైవా?

హ్యారీ ప్యాచ్ అనే బ్రిటిష్ సైనికుడు మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, బెల్జియంలోని పాషెండేల్ దగ్గర కందకాల్లో పోరాడారు. ఇంటికొచ్చాక ఎనభై ఏళ్లపాటు ఆ సంగతి ఎత్తలేదు. వందేళ్లు నిండిన 1998లో టీవీ వాళ్లు వచ్చి అడిగితే అప్పుడు నోరు విప్పారు. 2009లో 111 ఏళ్లకు పోయారు. ఆయన అంతకాలం బతికారు, చివరిదాకా మాటా జ్ఞాపకమూ నిలిచాయి కాబట్టి ఆ మాటలు మనకు దక్కాయి. మరో మూడేళ్లకు, 2012 ఫిబ్రవరిలో, ఫ్లోరెన్స్ గ్రీన్ అనే పెద్దావిడ చనిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో యూనిఫాం వేసుకున్నవాళ్లలో బతికున్నట్టు తెలిసిన చివరి మనిషి ఆవిడే. ఆ తర్వాత ఆ యుద్ధం గురించి అడగడానికి ఎవరూ లేరు. ముందే అడిగి దాచినవి వినడమే.

రెండో ప్రపంచ యుద్ధం కూడా ఆ అంచుకే వచ్చింది. 1945లో పద్దెనిమిదేళ్లున్నవాళ్లకు 2025 నాటికి తొంభై ఎనిమిది. ఆ తర్వాతి యుద్ధాలవాళ్లు కూడా ఒక్కొక్కరే ఎనభైల్లోకి, తొంభైల్లోకి వెళ్తున్నారు.

ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లు, స్కూల్లో పిల్లల కోసం ఏదైనా చేద్దామనుకునే టీచర్లు అందరూ ముందు అడిగేది "ఏ కెమెరా కొనాలి?" అని. నా దృష్టిలో అది చివరి ప్రశ్న. ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి.

## ఏం చూసి ఎంచుకోవాలి

పెద్దవాళ్ల ఓపిక. అన్నిటికంటే ముందు ఇదే. గంటసేపు కూర్చుని మాట్లాడగలరా, ఇరవై నిమిషాలకే అలసిపోతారా? చెవులు వినిపిస్తాయా? పెన్ను పట్టుకోగలరా? పద్ధతిని మనిషికి సరిపెట్టాలి. మీరు ముందే అనుకున్న పద్ధతిలోకి మనిషిని ఇరికిస్తే రెండో రోజు ఆయన రానంటారు.

పగ్గం ఎవరి చేతిలో ఉంటుంది. ఏది చెప్పాలి, ఏది తీసేయాలి, ఎవరు వినొచ్చు, ఎప్పుడు వినొచ్చు అన్నవి చెప్పేవాళ్ల చేతిలో ఎంతవరకు ఉంటాయి? రాతలో ఎక్కువ. వీడియోలో తక్కువ. ఇంటర్నెట్‌లో పెట్టాక దాదాపు ఉండదు.

మనిషి ఎంత మిగులుతాడు. యాస, తడబాటు, ఒక పేరు దగ్గర ఆగిపోవడం, ఊరికే నవ్వేయడం. "ఆ రోజు చాలామంది పోయారు" అన్న వాక్యం కాగితం మీద ఒక్క లైను. ఆ లైను ముందు పది సెకన్లు ఆయన ఏమీ మాట్లాడలేదన్నది కాగితానికి తెలియదు.

ముప్ఫై ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందా. పాత క్యాసెట్లు, ఫ్లాపీలు, రాసిన సీడీలు ఇళ్లలో ఎన్ని మూలనపడి ఉన్నాయో మీకే తెలుసు.

చిన్నవాళ్లు ముట్టుకుంటారా. మూడు గంటల రికార్డింగ్‌ను పదిహేనేళ్ల పిల్ల మొదటి నుంచి చివరిదాకా వినదు. అలాగని మూడు నిమిషాల ముక్క మాత్రమే దాస్తే, రేపు ఆ పిల్లే ముప్ఫై ఏళ్లకు వచ్చి "మిగతాది ఏది?" అంటుంది. దాచేది, చూపించేది వేర్వేరు పనులు. వాటిని ఒకటే అనుకోవడం వల్లే చాలా ప్రయత్నాలు చెడిపోతాయి.

మీ శ్రమ. ఒక గంట మాటను కాగితం మీదకు ఎక్కించడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. గొంతు సన్నగా ఉన్నా, యాస తెలియకపోయినా ఇంకా ఎక్కువే.

ఒక్క చూపులో చూడాలనుకునేవాళ్లకు:

| పద్ధతి | పెద్దవాళ్లకు అలసట | మీకు పని | మనిషి ఎంత మిగులుతాడు | పగ్గం | చిన్నవాళ్లకు అందడం |
|---|---|---|---|---|---|
| ఆడియో | తక్కువ | మధ్యస్థం | గొంతు పూర్తిగా | బాగానే ఉంటుంది | ముక్కలు చేస్తే బాగుంటుంది |
| వీడియో | ఎక్కువ | ఎక్కువ | గొంతు, ముఖం, చేతులు | తక్కువ | చాలా బాగా |
| రాసిన జ్ఞాపకాలు | ఓపికను బట్టి | చాలా ఎక్కువ | మాట తీరు కొంతే | అన్నిటికంటే ఎక్కువ | చదివే పిల్లలకే |
| ఉత్తరాలు, ఫొటోలు | చాలా తక్కువ | మధ్యస్థం | ఆనాటి మనిషి | బాగానే ఉంటుంది | మాట తోడైతే చాలా బాగా |
| స్కూల్లో ముఖాముఖి | ఎక్కువ | తక్కువ | అంతా, కానీ ఆ గంటకే | మధ్యస్థం | అన్నిటికంటే బాగా |
| మ్యూజియం, ఆర్కైవ్ | పద్ధతిని బట్టి | ఫారాలు, నిబంధనలు | ఇచ్చినంత | సంతకం పెట్టేదాకా | వెతికేవాళ్లకే |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తున్నాయి గానీ నా ఓటు సమానంగా లేదు. తేల్చుకోలేకపోతే ముందు ఆడియో చేయండి. ఆడియో ఉంటే దాన్నుంచి రాత తీయొచ్చు, ఫొటోలు జోడించి వీడియో చేయొచ్చు, ఆర్కైవ్‌కు (పాత రికార్డులను భద్రపరిచే సంస్థకు) ఇవ్వొచ్చు. రాత మాత్రమే ఉంటే దాన్నుంచి గొంతు రాదు.

## ఆడియో

1916 డిసెంబరులో, జర్మనీలోని వ్యూన్స్‌డోర్ఫ్ దగ్గర యుద్ధఖైదీల శిబిరంలో, మాల్ సింగ్ అనే భారతీయ సైనికుడి గొంతును జర్మన్ పండితులు రికార్డు చేశారు. వాళ్లకు కావలసింది ఆయన కథ కాదు, భాషల నమూనాలు. ఒకటిన్నర నిమిషం కూడా లేని ఆ రికార్డింగ్‌లో ఆయన పంజాబీలో తన గురించే ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పారు. ఒక మనిషి ఉండేవాడు, హిందుస్థాన్‌లో వెన్న తినేవాడు, ఈ యుద్ధంలోకి వచ్చాడు, జర్మన్లకు పట్టుబడ్డాడు, ఇంటికి వెళ్లాలనుకుంటున్నాడు. అంతే. నూరేళ్లు దాటినా ఆ గొంతు బెర్లిన్ హంబోల్ట్ యూనివర్సిటీ దగ్గర ఉంది. ఆ శిబిరం గురించి ఎన్ని పేజీలు చదివినా, "వెన్న తినేవాడు" అన్నచోట గొంతు వింటే తెలిసేది వేరు.

ఆడియోలో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే కొంతసేపటికి ఫోన్ ఉన్న సంగతి చెప్పేవాళ్లు మర్చిపోతారు. కెమెరా ముందు అలా కుదరదు. మంచం మీద పడుకుని కూడా చెప్పొచ్చు, కళ్లు మూసుకుని చెప్పొచ్చు. చీకటి పడ్డాక చెప్పొచ్చు. కొందరు చీకటి పడ్డాకే చెబుతారు.

పరికరం విషయానికొస్తే ఇప్పటి ఫోన్ చాలు. దాన్ని ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం: నోటికి ఒకటి రెండు అడుగుల దూరంలో, గుడ్డ పరిచిన బల్ల మీద. ఫ్యాన్ ఆపండి, కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. గోడ గడియారం తీసేయండి. నేను ఒకసారి తీయలేదు. మూడు రోజుల రికార్డింగ్ అంతా టిక్కు టిక్కు. చౌకలో దొరికే కాలర్ మైక్ ఒకటి పెడితే వినపడే తేడా ఫోన్ మార్చినా రాదు.

యాప్ సెట్టింగుల్లో ఒక్కటి చూసుకోండి. ఎంపీ3లో కాకుండా వేవ్ (WAV) ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీస్తే గంటకు మోనోలో దాదాపు 520 ఎంబీ అవుతుంది. ఎంపీ3 అయితే 60 ఎంబీ లోపే రావచ్చు, కానీ అందులో కొంత శబ్దం శాశ్వతంగా పోతుంది. దాచేది వేవ్‌లో, కజిన్లకు వాట్సాప్‌లో పంపేది ఎంపీ3లో.

ఒకే రోజు మొత్తం తీసేద్దామని కూర్చోకండి. నలభై ఐదు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు మేలు. మొదటిసారి మామూలుగా అందరికీ చెప్పే కథలే వస్తాయి, ఏళ్ల తరబడి చెప్పి చెప్పి నున్నబడినవి. రెండోసారికి, మూడోసారికి "మొన్న చెప్పాను చూడు, అది పూర్తిగా అలా కాదు" అంటూ అసలు మాట మొదలవుతుంది.

పెద్ద ప్రశ్నలకు పెద్ద పెద్ద మాటలే వస్తాయి. "దేశం కోసం పోరాడటం ఎలా అనిపించింది?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. బూట్లు సరిపోయేవా, రాత్రి కాపలాలో నిద్ర ఆపుకోవడానికి ఏం చేసేవాళ్లు, ఉత్తరం ఎన్ని రోజులకు వచ్చేది, ఇంటికొచ్చిన రోజు తలుపు ఎవరు తీశారు అని అడగండి. పిల్లలకు అడగాలనిపించే ప్రశ్న మాత్రం ఒకటుంటుంది, ఎంతమందిని చంపారు అని. అది వాళ్ల తప్పు కాదు, కానీ ముందే వాళ్లతో మాట్లాడి ఆపండి. ఆయన తనంతట తాను చెబితే వినాలి, మనం అడగకూడదు.

ఒక ధైర్యం ఏమిటంటే, పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవి ముసలితనంలో కూడా గట్టిగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రంలో చాలాసార్లు తేలింది. సైన్యంలో గడిపిన కాలం సరిగ్గా ఆ వయసులోనే పడుతుంది. నిన్న ఎవరొచ్చారో గుర్తులేని మనిషి తన ప్లటూన్‌లో, అంటే తన చిన్న సైనిక దళంలో, అందరి పేర్లూ చెప్పడం మీరు చూస్తారు. అలాగని తేదీలు, ఊళ్ల పేర్లు, వరస తప్పవని కాదు. తర్వాత చూసిన సినిమాలు, విన్న కథలు కూడా కలిసిపోతాయి. మధ్యలో ఆపి "అది 1944 కాదు తాతయ్యా" అని దిద్దకండి. మాట అక్కడితో ఆగిపోతుంది. రికార్డింగ్ పక్కన ఒక కాగితం మీద మీ అనుమానం రాసి పెట్టుకోండి.

## వీడియో

వీడియోను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చేతులతో కందకం లోతు చూపించే మనిషి ఉంటారు, పాత ఆయుధాన్ని విప్పి బిగించే పద్ధతి గాల్లోనే చేసి చూపిస్తారు. వాళ్ల విషయంలో ఆడియో సగమే. స్కూళ్లకు, మ్యూజియాలకు పనికొచ్చేది కూడా వీడియోనే. పిల్లలు ముఖం చూడాలనుకుంటారు.

కానీ దానికి చెల్లించేది ఏమిటో తెలిసి దిగండి. లైటు, కెమెరా పెట్టగానే చాలామంది నిటారుగా కూర్చుంటారు, ఇస్త్రీ బట్టలు వేసుకుంటారు, మెడల్స్ తగిలించుకుంటారు. మాట కూడా ఇస్త్రీ అవుతుంది. కన్నీళ్లు వస్తే ముఖం తిప్పుకోవడానికి చోటు ఉండదు. ఫోన్‌ను బట్టి ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు నాలుగు నుంచి ఎనిమిది జీబీ దాకా అవుతుంది. మూడు ప్రతులు దాచాలంటే మీరే లెక్కవేసుకోండి. ఇక చిత్రం ఎంత బాగున్నా మాట సరిగా వినపడకపోతే ఆ వీడియో ఎవరూ చూడరు. డబ్బు పెట్టదలుచుకుంటే కెమెరా మీద కాదు, మైక్ మీద పెట్టండి.

నేను చేయమనేది మధ్యేమార్గం. నాలుగు రోజులు ఆడియో తీయండి. ఐదో రోజు, ఆయన అలవాటుపడ్డాక, అరగంట వీడియో. అందులో ఏం అడగాలో అప్పటికి మీకు బాగా తెలుస్తుంది.

## రాసిన జ్ఞాపకాలు

స్వయంగా రాయగలిగినవాళ్లకు, రాయాలన్న కోరిక ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు. మాట జారిపోతుందన్న భయం లేదు. కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. ఎవరి ముందూ ఏడవక్కర్లేదు. నోటితో ఒక్క ముక్క చెప్పని మనిషి నోటు పుస్తకం నింపిన ఇళ్లు ఉన్నాయి. ఆయనకు ఒక పుస్తకం, మంచి పెన్ను ఇచ్చి పక్కకు తప్పుకోవడమే మీ పని.

వేరేవాళ్లు రాసిపెట్టే జ్ఞాపకాల విషయంలో మాత్రం జాగ్రత్త. రాసేవాళ్లకు కొంచెం కవిత్వం ఉంటే చాలు, మెస్సులో గొడవపడిన కుర్రాడు కాస్తా మహావీరుడు అయిపోతాడు. రాస్తే ఆయన మాటతీరు ఉంచండి, అదే మాట మూడుసార్లు వచ్చినా సరే. రాశాక గట్టిగా చదివి వినిపించండి. "ఇలా నేను అనలేదే" అంటే ఆ వాక్యం కొట్టేయండి. అసలు రికార్డింగ్ మాత్రం పారేయకండి. అమెరికన్ సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాటాలు ముగిసిన వెంటనే సైనికులను గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ముందు వరసలో ఉన్నవాళ్లలో తుపాకి పేల్చినవాళ్లు నాలుగో వంతుకు మించి లేరని 1947లో రాశారు. ఆ మాట దశాబ్దాలపాటు సైనిక శిక్షణలను ప్రభావితం చేసింది. తర్వాత చరిత్రకారులు ఆయన నోట్స్ తిరగేస్తే ఆ లెక్కకు ఆధారం దొరకలేదు. సైనికులు నిజంగా ఏమన్నారో వినడానికి టేపులూ లేవు. ఇప్పటికీ ఆ వాదన తెగలేదు.

పాత స్నేహితులను ఒకచోట కూర్చోబెట్టి రికార్డు చేయాలనుకునేవాళ్లకు కూడా ఇందులో ఓ హెచ్చరిక ఉంది. గుంపులో ఒకరికొకరు గుర్తుచేసుకుంటారు, సరదాగా ఉంటుంది. కానీ గట్టి గొంతున్నవాళ్లు చెప్పిందే అందరి జ్ఞాపకం అయిపోతుంది. ముందు విడివిడిగా, ఆ తర్వాతే కలిపి.

మాటను అక్షరాల్లోకి మార్చే ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క మాట. మొదటి చిత్తుప్రతికి వాడుకోండి, తప్పులేదు. యాసలో, ఊళ్ల పేర్లలో, ఆయుధాల పేర్లలో తడబడుతుంది. అంతకంటే చిరాకు పుట్టించేది ఇంకొకటుంది. మనిషి మౌనంగా ఉన్నచోట కొన్ని ప్రోగ్రాములు ఎవరూ అనని వాక్యాలు పుట్టిస్తాయి. యుద్ధం గురించి చెప్పేటప్పుడు మౌనాలు ఎక్కువే కదా. పక్కన కూర్చుని వింటూ దిద్దాల్సిందే.

## ఉత్తరాలు, ఫొటోలు, పెట్టెలో వస్తువులు

ఎనభై ఏళ్ల తర్వాత చెప్పే మాటకు, ఇరవై ఏళ్లప్పుడు రాసిన ఉత్తరానికి చాలా తేడా ఉంటుంది. ఉత్తరంలో ఆనాటి కుర్రాడు ఉంటాడు, అమ్మ బెంగపడకూడదని "ఇక్కడ అంతా బాగుంది" అని అబద్ధం రాసేవాడు. రెండూ ఉంటే గానీ మనిషి పూర్తిగా తెలియడు.

ఉత్తరాలు 300 లేదా 400 డీపీఐలో (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే అంకె అది), ఫొటోలు 600 డీపీఐలో, వెనకవైపుతో సహా స్కాన్ చేయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లలోంచి ఫొటోలు బయటికి తీయండి, ఆ జిగురు వాటిని తినేస్తుంది. అంటుకుపోయి ఉంటే లాగకుండా పేజీతోపాటే స్కాన్ చేయండి.

అసలు లాభం వాటిని ఆడియోతో కలిపితే వస్తుంది. ఒక్కో ఫొటో ముందుపెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, "ఇందులో ఎవరెవరు ఉన్నారు?" అని అడగండి. వేరే ప్రశ్న అక్కర్లేదు. "ఎడమ నుంచి మూడో ఫొటో, 1971" అని ముందు మీరు చెప్పండి, లేకపోతే తర్వాత ఏ మాట ఏ ఫొటో గురించో మీకే తెలియదు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్ల దగ్గర, జ్ఞాపకం సడలుతున్నవాళ్ల దగ్గర నేను చూసినంతలో పనిచేసే పద్ధతి ఇదొక్కటే.

## స్కూల్లో ముఖాముఖి

పిల్లల మీద దీనంత ప్రభావం చూపేది ఇంకేదీ లేదు. ఒక మనిషి వాళ్ల ముందు కూర్చుని "అప్పుడు నాకు మీకంటే మూడేళ్లు ఎక్కువ" అనడం చాలు. కానీ గంట తర్వాత మిగిలేది ఆ ముప్ఫై మంది పిల్లల మనసులో ఉన్నదే. రికార్డు చేయకపోతే మరుసటి ఏడాది క్లాసుకు ఏమీ ఉండదు. ఆయన ఓపికను కూడా చూసుకోవాలి. ముప్ఫై జతల కళ్ల ముందు పాత గాయం తెరుచుకుంటే సర్దుకోవడం తేలిక కాదు. ప్రశ్నలు ముందే రాయించి ఆయనకు చూపించండి, వద్దన్నవి కొట్టేయండి.

## మ్యూజియానికో ఆర్కైవ్‌కో ఇవ్వడం

ఇంట్లో ఎంత భద్రంగా దాచినా ఇల్లు మారతాం, హార్డ్ డిస్క్ చెడిపోతుంది, దాని మీద ఆసక్తి ఉన్న మనిషి ఆ తరంతో ఆగిపోతాడు. సంస్థల దగ్గర ఆ బెంగ తక్కువ. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం 1972 నుంచి ఇలాంటి గొంతులను దాస్తోంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్‌ను 2000లో చట్టం చేసి మొదలుపెట్టారు. అందులో లక్షకు పైగా మనుషుల జ్ఞాపకాలు ఉన్నాయి. అక్కడ తీసుకునేది ప్రధానంగా అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్లవి అయినా, వాళ్ల నియమాలను ఎవరైనా కొలతగా వాడుకోవచ్చు: ఎడిట్ చేయని ఇంటర్వ్యూ అయితే కనీసం 30 నిమిషాలు, రాసిన జ్ఞాపకాలైతే 20 పేజీలు, ఫొటోలో ఉత్తరాలో అయితే కనీసం 10 అసలువి. చూశారా, మ్యూజియం అనగానే మనం ఊహించుకున్నంత పెద్ద కొలతలేం కావు.

బీబీసీ 2003 నుంచి 2006 వరకు రెండో ప్రపంచ యుద్ధం జ్ఞాపకాలను జనం నుంచే సేకరించింది. 47,000 కథలు, 15,000 చిత్రాలు వచ్చాయి. వాటిలో సైనికులవే కాదు, ఇంటి దగ్గర ఉన్నవాళ్లవి కూడా ఉన్నాయి. కంప్యూటర్ రాని పెద్దవాళ్ల కథలను లైబ్రరీల్లో ఇంకొకరు కూర్చుని ఎక్కించారు.

ఇచ్చేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. అసలు ఫైలును ఎడిట్ చేయకుండా దాస్తారా? కొన్ని భాగాలు ఫలానా ఏడాది దాకా తెరవొద్దంటే ఒప్పుకుంటారా? కుటుంబానికి ఒక కాపీ ఎప్పుడడిగినా ఇస్తారా? ఒక్కదానికైనా జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఇంకో చోటు వెతుక్కోండి.

## యంత్రం నోట తాతయ్య మాట

ఈ మధ్య అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. నాజీల మారణహోమం నుంచి బయటపడినవాళ్లతో యూఎస్‌సీ షోవా ఫౌండేషన్ అనే అమెరికన్ సంస్థ చేసిన పద్ధతిలో, మనిషిని రోజుల తరబడి కూర్చోబెట్టి వందల ప్రశ్నలకు జవాబులు వీడియో తీస్తారు. తర్వాత పిల్లలు ఏదైనా అడిగితే యంత్రం సరిపోయే జవాబును వెతికి చూపిస్తుంది. మాట మాత్రం ఆ మనిషిదే, తీసినప్పుడు అన్నదే. న్యూ ఆర్లియన్స్‌లోని జాతీయ రెండో ప్రపంచ యుద్ధ మ్యూజియం కూడా 2024లో ఇలాంటిది తెరిచింది. ఇది బాగుంది, కానీ ఇంట్లో చేసే పని కాదు.

గొంతును కాపీ కొట్టి, ఆయన ఎన్నడూ అనని వాక్యాలు ఆయన గొంతుతో పలికించడం పూర్తిగా వేరు. సరదాకైనా సరే, వద్దు. ఇరవై ఏళ్ల తర్వాత ఏది ఆయన అన్నదో ఏది యంత్రం అన్నదో మీ పిల్లలకు తెలియదు.

## మీ పరిస్థితి ఏదో చూసుకోండి

ఇంట్లో ఒక్కరే ఉన్నారు, తొంభై దాటారు అంటే ఈ వారమే ఫోన్‌తో ఆడియో. ఫొటోలు ముందుపెట్టి. ప్రశ్నల జాబితా తయారయ్యేదాకా ఆగొద్దు.

ఆరోగ్యంగా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి అయితే మీకు తీరిక ఉంది. రాయమని అడగండి, వారానికోసారి రికార్డు చేయండి, ఆర్కైవ్‌తో మాట్లాడి వాళ్ల ఫారాలు ముందే తెచ్చుకోండి.

మీరు టీచర్ అయితే ముఖాముఖి పెట్టి దాన్ని రికార్డు చేయండి. తర్వాత పిల్లల చేతే ఆ రికార్డింగ్‌ను రాయించండి. పిల్లలు ఆ కథను పూర్తిగా వినేది అప్పుడే. ఒకరికి పది నిమిషాల చొప్పున పంచితే క్లాసంతా కలిసి ఐదు గంటల మాట రాసేస్తుంది.

ఆయన మాట్లాడనంటే ఒప్పుకోవాలి. హ్యారీ ప్యాచ్ ఎనభై ఏళ్లు మాట్లాడలేదు, అది ఆయన హక్కు. ఉత్తరాలు, ఫొటోలు స్కాన్ చేస్తూ ఉండండి. పక్కన కూర్చుని చూస్తూ ఉంటే ఒక్కోసారి వాళ్లే మొదలుపెడతారు. మనవడికి చెప్పనిది బయటి మనిషికి చెబుతారు, కొడుకుకు చెప్పనిది మనవరాలికి చెబుతారు. అడిగే మనిషిని మార్చి చూడండి.

ఆ మనిషే లేకపోతే, విన్నవాళ్లను రికార్డు చేయండి: భార్యను, తమ్ముడిని, అదే దళంలో పనిచేసిన స్నేహితుడిని. అయితే "ఆయన నాతో ఇలా అన్నారు" అన్నది, "నేను చూశాను" అన్నది కలపకుండా విడిగా గుర్తు పెట్టండి.

మీరే ఆ సైనికులైతే, ఎవరూ అడగలేదని ఊరుకోకండి. ఫోన్ ఆన్ చేసి మీ పేరు, మీ దళం, చేరిన సంవత్సరం చెప్పి మొదలుపెట్టండి. వంటమనిషిగానో, డ్రైవర్‌గానో, నర్సుగానో పనిచేశాను కాబట్టి చెప్పడానికి ఏమీ లేదనుకోవద్దు. ఫ్లోరెన్స్ గ్రీన్ పనిచేసింది ఆఫీసర్ల మెస్సులో.

## అనుమతి, రహస్యం

మొదటి రికార్డింగ్‌లోనే ఆయన గొంతుతోనే అనుమతి చెప్పించండి. ఎవరు వినొచ్చు, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా లేదా, ఎప్పటి నుంచి. చివర్లో మళ్లీ అడగండి, మనసు మారొచ్చు.

సైనిక రహస్యాల విషయం ఆయనకు వదిలేయండి, తవ్వకండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో శత్రువుల కోడ్‌లు ఛేదించినవాళ్లు 1970ల దాకా ఇంట్లో భర్తలకు, భార్యలకు కూడా చెప్పలేదు. అమెరికా సైన్యంలో నవాహో అనే ఆదివాసీ భాషతో కోడ్ నడిపినవాళ్లకు 1968లో గానీ ఆ రహస్యం మీద ఆంక్ష తొలగలేదు. ఏది చెప్పొచ్చో వాళ్లకు తెలుసు.

"నేను పోయేదాకా ఎవరికీ వినిపించకు" అని అడిగితే సరేనని మాటిచ్చే ముందు ఒక్క క్షణం ఆగండి. ఉత్తర ఐర్లండ్ ఘర్షణల్లో ప్రభుత్వానివి కాని సాయుధ దళాల్లో ఉన్నవాళ్లను 2001 నుంచి 2006 మధ్య అమెరికాలోని బోస్టన్ కాలేజీ ప్రాజెక్ట్ సరిగ్గా ఆ మాట ఇచ్చి రికార్డు చేసింది. 2011లో కోర్టు నోటీసులు వచ్చాయి, 2013లో కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. కోర్టు అడిగితే నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి. ప్రమాదం ఉందనిపించిన విషయం రికార్డు చేయకుండా వదిలేయడమే మేలు.

## కాపీలు

1940లో లండన్ మీద బాంబులు పడినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైనికుల సర్వీసు రికార్డుల్లో సగానికి పైగా కాలిపోయాయి. 1973 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డులు దాచే కార్యాలయంలో మంటలు లేచి 1.6 నుంచి 1.8 కోట్ల సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. వాటికి నకళ్లు లేవు. కాబట్టి మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఫోన్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, దూరాన ఉన్న బంధువు దగ్గరో క్లౌడ్‌లోనో ఒకటి. ఫైలు పేరులో మనిషి పేరు, తేదీ ఉండాలి, "కొత్త రికార్డింగ్ 7" అని కాదు. ఏడాదికోసారి తెరిచి వినండి.

రికార్డింగ్ ముగిసేటప్పుడు "నేను అడగనిది ఏమైనా ఉందా?" అని అడగండి. "లేదు, అంతే" అంటారు. సరేనని చెప్పి, ఇంకా ఆన్‌లోనే ఉందని ఆయనకు చెప్పి, ఫోన్‌ను ఇంకో ఐదు నిమిషాలు అలాగే ఉంచి, మీ కాగితాలు నెమ్మదిగా సర్దుకోండి.